బారసాలకొచ్చిన శరణార్థులు

మా దేశానికి శరణార్థులు కావలసి వచ్చారు. ఉప్పు కావలసి వచ్చినట్టు, కిరసనాయిలు కావలసి వచ్చినట్టు అర్జంటుగా కావలసి వచ్చారు. ఆ అర్జంటు ఎలా పుట్టిందో ముందు చెప్పాలి.

మాది ధవళదేశం. పక్కది నీలదేశం. మధ్యలో ముసలేరు. ఎండాకాలంలో ఆ ఏట్లో మోకాలి లోతు నీళ్లుంటాయి. ఈ ఒడ్డున గట్టిగా దగ్గితే ఆ ఒడ్డున ఎవరో ఒకరు మిరియాల కషాయం తాగమని సలహా చెబుతారు. భాష ఒకటే, పచ్చళ్లు ఒకటే, తిట్లు కూడా ఒకటే. పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడం తాతల నాటి నుంచీ ఉంది. తేడా అల్లా జెండా రంగులో ఉంది. ఆ తేడాను కాపాడడానికి రెండు సైన్యాలున్నాయి.

రెండేళ్ల కిందట నీలదేశం ఒక ప్రకటన చేసింది. ధవళదేశంలో బతకలేక పదిహేడు మంది తమను శరణు కోరి వచ్చారట. నిజానికి ఆ పదిహేడు మందీ మా గట్టుపాలెం నుంచి గేదెల సంతకు వెళ్లినవాళ్లు. బేరం కుదరక మర్నాడే ఇంటికొచ్చేశారు. మనుషులైతే వచ్చారు గాని ప్రకటన వెనక్కి రాలేదు. మా శాసనసభ మూడు రోజులు అట్టుడికిపోయింది. శరణు కోరి ఒక్కడంటే ఒక్కడు రాని దేశం కూడా దేశమేనా అని ప్రతిపక్షం నిలదీసింది. ఎక్కువ మంది చుట్టాలొచ్చే ఇల్లు గొప్పది అయినట్టే ఎక్కువ మంది శరణార్థులొచ్చే దేశం గొప్పదని అధికారపక్షం ఒప్పుకుంది. మా చరిత్రలో రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. వారం తిరక్కుండా శరణార్థుల స్వాగత, సత్కార, సంఖ్యాభివృద్ధి శాఖ వెలిసింది.

ఆ శాఖలో నేను రిజిస్టరు గుమస్తాని. పేరు ఉపేంద్రం. పదిహేనేళ్లు పశుగణన శాఖలో పనిచేసి ఇక్కడికి బదిలీ అయ్యాను. లెక్కపెట్టడంలో అనుభవం ఉందని నన్ను ఎంపిక చేశారు.

గట్టుపాలెంలో ఏటి ఒడ్డునే శిబిరం కట్టారు. ఐదు వందల గుడారాలు, రెండు వంటశాలలు, రంగుల తోరణం, పదకొండు మందితో బ్యాండు మేళం. రోజూ పొద్దున్నే తోరణం దగ్గర ఒక గజమాల సిద్ధంగా ఉంచేవాళ్లం, సాయంత్రానికి అది వాడిపోయేది. రెండేళ్లు అలా వాడిపోయింది. మా కమిషనర్ ప్రభంజనరావుగారు మాత్రం వాడిపోయే మనిషి కాదు. దుర్భిణి పట్టుకుని ఆఫీసు మేడ మీద కూర్చుని ఆవలి ఒడ్డున ఎవరికైనా కష్టం వచ్చిందేమోనని ఆశగా చూస్తుండేవారు.

మా నిబంధనల్లో రెండు గుర్తుపెట్టుకుంటే చాలు. నిబంధన రెండు: శరణార్థి అనగా నీలదేశం నుండి మూటాముల్లెతో మన భూభాగమున అడుగుపెట్టి, మూడు రోజులకు తక్కువ కాకుండా ఉండదలచిన వ్యక్తి. నిబంధన తొమ్మిది: ఒకసారి నమోదైన శరణార్థి తిరిగి వెళ్లుట జాతి గౌరవమునకు భంగకరము గనుక, అట్లు జరగదు.

శిబిరం గోడ పక్కనే మాణిక్యమ్మ ఇల్లు. ఆవిడది మా దేశమే. భర్త లేడు, ఒక్కతే కూతురు, పుష్పవేణి. ఆ పిల్లను ఎదురొడ్డు ఊళ్లో కోటయ్యకిచ్చి చేసింది. నీలదేశం ప్రకటన వచ్చాక ఈ ఒడ్డువాళ్లు ఆ ఒడ్డుకు అడుగుపెట్టడం మానేశారు. పెడితే లెక్కలో పడిపోతామని భయం. ఏదైనా ఇచ్చిపుచ్చుకోవాలంటే ఏటి మధ్యకొచ్చి అక్కడే చేతులు మార్చుకునేవారు. మాఘమాసంలో ఒక పొద్దున కోటయ్య తొమ్మిదో నెల కడుపుతో ఉన్న భార్యను చెయ్యి పట్టుకుని ఏటి మధ్యదాకా తీసుకొచ్చాడు. మాణిక్యమ్మ ఎదురెళ్లి కూతురినీ, బట్టల మూటనూ అందుకుంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా.

మేడ మీద ప్రభంజనరావుగారు దుర్భిణిలోంచి చూసి లేచి నిలబడ్డారు. మనిషి ఉంది, మూట ఉంది, దిశ సరిగ్గా ఉంది. బ్యాండు మోగింది. తడికాళ్లతో ఒడ్డెక్కిన పుష్పవేణి మెడలో ఆరడుగుల గజమాల పడింది. పాపం, ఆ పిల్ల దాన్ని మోయలేక కింద కూర్చుంది. కంగారులో అలా కూలబడడాన్ని మా ఫొటోగ్రాఫరు స్వేచ్ఛాభూమికి సాష్టాంగ నమస్కారంగా తీశాడు.

నేను రిజిస్టరు తెరిచి, దేశం విడిచి రావడానికి కారణం ఏమిటని అడిగాను. పురిటికొచ్చానంది. కమిషనర్‌గారు నా భుజం మీదుగా వంగి, "స్వదేశమున ప్రసవించుటకు భయపడి" అని రాయమన్నారు.

"భయవేటండీ బాబూ," అంది మాణిక్యమ్మ. "మొదటి పురుడు పుట్టింట్లో పోసుకుంటారు కదండి. మీ ఆవిడ ఎక్కడ పోసుకున్నారండి?"

పుట్టింట్లోనే అని ఆయన ఒప్పుకున్నారు. అయితే అది కుటుంబ వ్యవహారమనీ, మధ్యలో ఏరుంటే అది విదేశాంగ వ్యవహారమవుతుందనీ వివరించారు. పుష్పవేణిని తల్లి ఇంటికి కాక ఒకటో నంబరు గుడారానికి తీసుకెళ్లారు. తల్లి ఇల్లు అక్కడికి ముప్పై అడుగులు. మాణిక్యమ్మ ఆ ముప్పై అడుగులూ రోజుకు పదిసార్లు నడిచి వేడినీళ్లూ పురిటి కాయమూ పత్యపు కూడూ మోసింది. వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో వేలిముద్ర వేసింది.

సున్నా నుంచి ఒకటికి పెరగడాన్ని శాతంలో ఎలా చెప్పాలో తెలియక రాజధానిలో గణాంక శాఖ తల పట్టుకుంది. పదో రోజున పుష్పవేణికి ఆడపిల్ల పుట్టి వాళ్ల కష్టం తీర్చింది. శరణార్థుల సంఖ్యలో నూరు శాతం పెరుగుదల అని పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి.

ఇరవై ఒకటో రోజు బారసాల. మాణిక్యమ్మ ఒడ్డున నిలబడి వియ్యాలవారిని కేకేసి పిలిచింది. పిలుపు అందుకుని నీలదేశం నుంచి ముప్పై ఒక్కమంది వచ్చారు. ముందు వియ్యపురాలు భద్రమ్మ, వెనక కోటయ్య, ఆ వెనక పెత్తల్లులు, పినతండ్రులు, తోడికోడళ్లు. నెత్తిన ఇత్తడి బిందెలు, పరుపు, మూడు గంపల లడ్లు, ఇద్దరి భుజాల మీద టేకు ఉయ్యాల. మధ్యాహ్నం భోంచేసి సాయంత్రానికి ఇంటికి చేరాలని వాళ్ల ఏర్పాటు. భద్రమ్మ భర్తకు పక్షవాతం. ఆ ఒక్కపూటకు ఆయన్ని పొరుగింటివాళ్ల మీద వదిలి వచ్చింది.

అంతమంది ఒక్కసారి ఏరు దాటుతుంటే ప్రభంజనరావుగారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దీన్ని మహాప్రస్థానం అనొచ్చా అని నన్నడిగారు. ఆ మాట చావుకు వాడతారండి అన్నాను. అయితే మహావలస అని రాయమన్నారు.

"అయ్యా, వాళ్లు సాయంత్రం వెళ్లిపోతారు. బారసాలకొచ్చారు," అని చెప్పి చూశాను.

"ఉపేంద్రం, నువ్వు పశువుల దగ్గర పనిచేసినవాడివి, మనుషుల మనసు నీకు తెలీదు. తిరిగిపోయేవాడు ఉయ్యాల తెస్తాడా?"

గేటు మూశారు. నిబంధన ప్రకారం మూడు రోజులు ఉండదలచినవాడే శరణార్థి. వీళ్లు ఒక్కపూట ఉండదలిచారు. కానీ గేటు మూసి ఉండడంతో మూడు రోజులు ఉన్నారు. ఉన్నారు గనక ఉండదలిచారు అని న్యాయశాఖ అభిప్రాయం పంపింది. నాలుగో రోజు పొద్దున నేను ముప్పై ఒక్క గడులు నింపాను. పుష్పవేణి, పాప కలిసి మొత్తం ముప్పై మూడు. రాస్తుంటే నాకు సిగ్గేసింది. సిగ్గుకు రిజిస్టరులో గడి లేదు.

బారసాల మా శాఖ మంత్రిగారి చేతుల మీదుగా జరిగింది. పళ్లెంలో బియ్యం పరిచి ఆయనే పేరు రాశారు, ధవళకీర్తి అని. పళ్లెం చాలక చివరి అక్షరం చాప మీద పడింది. మైకులో మూడుసార్లు ఆ పేరు పలికితే పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఆ ఏడుపు నీలదేశం మీద నిరసన అని మంత్రిగారు సెలవిచ్చారు. జనం చప్పట్లు కొడుతున్నప్పుడు మాణిక్యమ్మ పాప చెవిలో మెల్లగా వరాలు అని పిలిచింది. నేను పక్కనే ఉన్నాను గనక విన్నాను.

ఇక నీలదేశం ఊరుకుంటుందా. తమ పౌరుడు ఒక్కడు కూడా దేశం విడిచి వెళ్లలేదని ప్రకటించింది. ముప్పై మూడు మందీ ఎవరిళ్లల్లో వాళ్లు సుఖంగా ఉన్నారంది. రుజువు కోసం ఖాళీగా ఉన్న ఇళ్లకు గుమస్తాలను డిప్యుటేషన్ మీద పంపి, కోటయ్య స్థానంలో ఒకణ్ణి, తోడికోడళ్ల స్థానంలో నలుగుర్ని కూర్చోబెట్టింది. రోజూ ఉదయం తలారి వచ్చి పేరు పిలిస్తే వాళ్లు హాజరు పలకాలి. పుష్పవేణి అత్తగారింట్లో ఒక బుట్టలో దిండు పెట్టి పసిపాప నిద్రపోతోందని రాసుకున్నారు. రిజిస్టరు గుమస్తాగా నాకు ఆ దిండు మీద కొంచెం గౌరవం కలిగింది.

ఈ కబురు ఆవలి ఒడ్డు నుంచి ఎవరో కేకేసి చెప్పారు. మా శిబిరంలో స్నానాలు ఏట్లోనే గనక అందరూ విన్నారు. భద్రమ్మ తడిచీరతోనే నా బల్ల దగ్గరికొచ్చింది.

"మీసాలోడొకడు నా ఇంట్లో కూకుని, నా పేరు పిలిత్తే ఆయ్ అని పలుకుతున్నాడంటండి. మా ఆయనకి గంజి వాడే పోత్తన్నాడంట. నేనిక్కడ రాయిలాగున్నాను కదండి. నన్ను పంపెయ్యండి బాబూ."

నేను అర్జీ రాసిచ్చాను. ముప్పై మూడు మంది తరఫునా రాశాను. కమిషనర్‌గారి జవాబు వారానికి వచ్చింది. తిరిగి వెళ్లాలన్న కోరిక నీలదేశపు దుష్ప్రచారం వల్ల కలిగిన మనోవికారమనీ, దానికి చికిత్సగా ఇకనుంచి ప్రతి శుక్రవారం కృతజ్ఞతా సభ జరుగుతుందనీ దాని సారాంశం. సభలో ఒక్కొక్కరూ లేచి తమ దేశంలో తాము పడ్డ బాధలు చెప్పాలి. భద్రమ్మ లేచి, తన దేశంలో తనకున్న పెద్ద బాధ తోడికోడలనీ, ఆవిణ్ణి కూడా ఇక్కడికే తెచ్చి పక్క గుడారంలో పెట్టారనీ చెప్పింది. మినిట్సులో దాన్ని సంతృప్తి అని రాశారు.

బారసాల భోజనానికి వచ్చిన వియ్యాలవారు రెండు నెలలు కదలకపోతే ఆడపిల్ల తల్లికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ప్రభుత్వం అన్నం పెడుతోంది, నిజమే. అయినా వియ్యపురాలు శిబిరం కూర చప్పగా ఉందంటే మాణిక్యమ్మకు మనసొప్పేది కాదు. రోజూ ఒక గిన్నెడు పులుసు గేటు దగ్గర వేలిముద్ర వేసి లోపలికి తెచ్చేది. మూడో నెల వచ్చింది. కోడలినీ మనవరాలినీ ఇంటికి తీసుకెళ్లవలసిన నెల. భద్రమ్మ రోజూ ఒడ్డున నిలబడి తన ఇంటి పొయ్యి పొగ వైపు చూసేది. ఒకరోజు పొగ రాకపోతే ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

సరిగ్గా అప్పుడొచ్చారు కొండదేశంవాళ్లు.

ఉత్తరాన కొండల్లో మూడేళ్లుగా యుద్ధం జరుగుతోంది. పత్రికల్లో లోపలి పేజీల్లో వస్తుంటుంది. అక్కడి నుంచి పంతొమ్మిది రోజులు నడిచి నలభై ఒక్కమంది మా తోరణం ముందుకొచ్చి ఆగారు. కాళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్నారు. మూటలు లేవు, ఎక్కడో పడేసుకున్నారు. వాళ్లలో ఉప్పు వ్యాపారం చేసిన ఒకాయనకు మా భాష కాస్త వచ్చు. బయల్దేరినప్పుడు తాము డెబ్భై మంది అని చెప్పాడు. తోరణం మీద స్వాగతం అనే అక్షరాలను వేలితో చూపించి, ఇది మాకేనా అని అడిగాడు.

బ్యాండువాళ్లు వాయిద్యాలు ఎత్తబోతే కమిషనర్‌గారు చేత్తో వారించారు. ఏ దేశమని అడిగారు, కొండదేశమన్నారు. ఆయన నిట్టూర్చి నిబంధన రెండు చదివి వినిపించారు. నాలుగు వందల అరవై ఏడు గుడారాలు ఖాళీగా ఉన్నాయి కదండి అన్నాను.

"ఉపేంద్రం, కొండదేశంతో మనకు శత్రుత్వం లేదు. మిత్రదేశం నుంచి శరణార్థిని చేర్చుకుంటే, అక్కడ బతకలేకపోతున్నారని మనం అన్నట్టు కాదా? అది వాళ్లను అవమానించడం. వీళ్లు నీలదేశం మీదుగా వచ్చి ఉంటే ఏమైనా ఆలోచించేవాణ్ణి. దారి తప్పు ఎంచుకున్నారు."

ఆ మాట చెప్పి ఆయన రాజధానికి బయల్దేరారు. మహావలసను సాధించినందుకు ఆయనకు పతకం ఇస్తున్నారు. తిరిగొచ్చేది మూడు రోజుల తర్వాత. రెండు రోజులు ఆ నలభై ఒక్కమందీ ఎండలో తోరణం నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చున్నారు. మాణిక్యమ్మ ఇంట్లో ఉన్న బియ్యమంతా గంజి కాచి పోసింది. వాళ్లలో ఒక ముసలాయన ఉన్నాడు, పేరు లుంబా. ఎనభై దాటి ఉంటాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. దారిలో ఎవరెవరు పోయారో గాని మాట్లాడడం మానేశాడని ఉప్పు వ్యాపారి చెప్పాడు.

రెండో రోజు మధ్యాహ్నం మాణిక్యమ్మ గేటు దగ్గర వేలిముద్ర వేసి తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చింది. పులుసు గిన్నె తేలేదు.

"అబ్బాయిగారూ, మీ లెక్క ముప్పై మూడే కదండి?"

"ముప్పై మూడే."

"వాళ్లు ఊరొదిలి ఎల్లనే లేదని అటోళ్లంటన్నారు. వీళ్లు తిరిగిపోలేదని ఇటు మీరంటే సరిపోద్ది కదండి. మనిషికి బదులు మనిషి ఉన్నాడాయె, బయట ఎండలో."

నేను పదిహేడేళ్ల సర్వీసులో అంత సూటిగా ఉన్న ప్రతిపాదన చూడలేదు. రిజిస్టరు మూసి అడిగాను. "మరి నీ మనవరాలు? అటెళ్లిపోతే మళ్లీ రాలేదు. వస్తే గేటు పడుతుంది. నువ్వు వెళ్లలేవు, వెళితే అక్కడ లెక్కలో పడతావు."

"తెలుసండి," అంది. కొంగు సర్దుకుంది. "పిల్ల దాని ఇంటికాడ ఉండాలి. మూడో నెల కదండి."

శిబిరంలో స్నానాల పద్ధతి ఇది. పొద్దున ఏడింటికి సెంట్రీ తలలు లెక్కపెట్టి ముప్పై మూడు మందిని ఏటికి వదులుతాడు. ఎనిమిదింటికి తలలు లెక్కపెట్టి ముప్పై మూడు మందిని లోపలికి తీసుకుంటాడు. తలలు లెక్కపెట్టమన్నారు గాని మొహాలు చూడమనలేదు. మర్నాడు ఏడింటికి తువ్వాళ్లు భుజాన వేసుకుని వెళ్లింది బారసాలవాళ్లు. ఎనిమిదింటికి అవే తువ్వాళ్లతో లోపలికొచ్చింది కొండదేశంవాళ్లు. సెంట్రీ లెక్కపెట్టాడు, సరిపోయింది. వాళ్లు ఇప్పుడు శుభ్రంగా ఉన్నారని కూడా మెచ్చుకున్నాడు. మిగిలిన ఎనిమిది మందిని, గట్టిగా ఉన్నవాళ్లను ఏరి, వంటవాళ్లుగా ఊడ్చేవాళ్లుగా రాశాను. ఆ ఉద్యోగాలు రెండేళ్లుగా ఖాళీ.

ఏట్లో జరిగినదాన్ని నేను గట్టు మీంచి చూశాను. అందరూ ముందు వెళ్లారు. చివర మాణిక్యమ్మ పాపను ఎత్తుకుని ఏటి మధ్యదాకా నడిచింది. మూడు నెలల కిందట కూతురిని అందుకున్న చోటే ఆగి మనవరాలిని కూతురి చేతికి ఇచ్చింది. పాప ఆవిడ చెవి కమ్మ పట్టుకుని వదల్లేదు. మాణిక్యమ్మ కమ్మ తీసి పాప గుప్పిట్లోనే ఉంచేసి వెనక్కి తిరిగింది. ఆవలి ఒడ్డున నీలదేశం జవాను మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎవరూ వెళ్లలేదు గనక ఎవరూ రావడం లేదు. భద్రమ్మ ఇంట్లో ఉన్న మీసాల గుమస్తా, ఆవిడ భర్త ఏ పూట ఎంత గంజి తాగుతాడో కాగితం మీద రాసిచ్చి మరీ వెళ్లాడని తర్వాత తెలిసింది. గుమస్తాలు ఎక్కడైనా గుమస్తాలే.

నేను రిజిస్టరు ముందు కూర్చుని ఒక్కొక్కరికీ వారి గడి చూపించాను. ఉప్పు వ్యాపారి కోటయ్య అయ్యాడు. భద్రమ్మ గడిలోకి ఒక నడివయసామె వచ్చింది. పుష్పవేణికీ, పెత్తల్లులకూ, పినతండ్రులకూ మనుషులు దొరికారు. చివరికి ఒక మనిషి, ఒక గడి మిగిలాయి. మనిషి లుంబా. గడిలో ఇలా ఉంది: కుమారి ధవళకీర్తి, వయసు మూడు నెలలు.

నేను చేసేదేమీ లేదు. ఆయన ఎముకల్లో పనిచేసే సత్తువ లేదు, వేరే గడి లేదు. బయట పెడితే మళ్లీ తోరణం నీడే. కూర్చోమని పాలడబ్బా ఇచ్చాను.

పతకం వేసుకుని తిరిగొచ్చిన ప్రభంజనరావుగారు శిబిరం చుట్టూ ఒకసారి నడిచారు. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగారు. నా దగ్గరికొచ్చేసరికి ఆయన మొహంలో రంగు లేదు.

"ముప్పై మూడే కదా?" అన్నారు.

"ముప్పై మూడేనండి."

ఆయన పతకాన్ని ఒకసారి తడుముకున్నారు. "అయితే సరే. వాతావరణం మారితే మనుషులు మారతారు," అని లోపలికెళ్లిపోయారు.

నెల తిరక్కుండా మంత్రిగారు తను పేరు పెట్టిన పాపను చూడడానికొచ్చారు. వెండి గిలక తెచ్చారు, వెనక పత్రికలవాళ్లు. టేకు ఉయ్యాల పక్కన చాప మీద లుంబా కూర్చుని ఉన్నాడు, బొడ్డు దాకా తెల్ల గడ్డంతో. మంత్రిగారు ఆయన్ని చూశారు, కమిషనర్‌గారిని చూశారు. పాప లేదంటే లెక్క తప్పు. లెక్క తప్పంటే మహావలస తప్పు. అది తప్పంటే పతకం తప్పు, శాఖ తప్పు, శాసనసభ తీర్మానం తప్పు, నీలదేశం రైటు.

"ఏమిటీ ఎదుగుదల?" అన్నారు మంత్రిగారు చివరికి.

"మన దేశపు నీరు, గాలి, పరిపాలన సార్," అన్నారు ప్రభంజనరావుగారు. "ఈ మూడూ కలిస్తే శిశువు వికాసానికి అడ్డుండదు సార్."

మంత్రిగారు వంగి లుంబా చేతిలో గిలక పెట్టారు. ఫొటో మర్నాడు అన్ని పత్రికల్లో వచ్చింది: ధవళభూమిలో శరణార్థి శిశువు అద్భుత పురోగతి. నీలదేశం మండిపడి అసలు పాప ఫొటో వేసింది. పాప తమ దేశంలోనే ఉయ్యాల్లో ఉందనీ, నాలుగు నెలల పిల్ల నాలుగు నెలల పిల్లలాగే ఉందనీ రాసింది. మా విదేశాంగ శాఖ దానికి ఘాటుగా జవాబిచ్చింది. నాలుగు నెలలైనా ఒక్క వెంట్రుక నెరవలేదంటే నీలదేశంలో పిల్లల ఎదుగుదల ఎంత అధ్వానంగా ఉందో ప్రపంచం గ్రహించాలంది. మా పత్రికలో ఆ ఫొటో చూసిన మాణిక్యమ్మ దాన్ని కత్తిరించి గోడకు అంటించుకుంది. నీలదేశం మీద ద్వేషంతో అంటించిందని కమిషనర్‌గారు ప్రశంసాపత్రం పంపారు.

పిల్ల దూరమయ్యాక ఆవిడ శిబిరానికి రావడం మానేస్తుందనుకున్నాను. మానలేదు. మొదటి రోజు గేటు దగ్గర సెంట్రీ ఎవరి కోసం వచ్చావని అడిగితే, మనవరాలి కోసం అంది. రిజిస్టరు ప్రకారం అది నిజం. పళ్లు లేని ముసలాయనకు ప్రభుత్వం ఇచ్చే పాలపిండి ఏ మూలకు చాలుతుంది? మెత్తగా గుజ్జన్నం పిసికి తెచ్చి ఎదురుగా కూర్చుని పెట్టేది. భాష లేదు, ఆయన మాట్లాడడు. ఈవిడే మాట్లాడేది. "తిను, అమ్మమ్మ పెడతంది, తిను," అనేది. మొదట్లో నవ్వుతూ అంది, మా అందరి మీదా ఎకసెక్కంగా. తర్వాత్తర్వాత ఆ నవ్వు పోయి మాట మిగిలింది. రోజూ సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం ఒడ్డున ఆగి అవతలికి చూసేది. కొన్నాళ్లు పుష్పవేణి పాపను పైకెత్తి చూపించింది. తర్వాత నీలదేశం ఆ ఒడ్డున గోడ కట్టింది. మా వాళ్లు అంతకంటే రెండడుగులు ఎత్తుగా ఇంకోటి కట్టారు.

పాపకు ఏడాది నిండిందని రాజధాని నుంచి శిశు వికాస తనిఖీ అధికారి వచ్చాడు. కుర్రవాడు, కొత్త ఉద్యోగం, ఫారం ఎక్కడా ఖాళీ ఉండకూడదన్న పట్టుదల ఉన్నవాడు. లుంబా ఎదుట కుర్చీ వేసుకుని ఒక్కొక్క గడీ అడిగాడు, నేను చెప్పాను. మెడ నిలబెడుతుందా? నిలబెడుతుంది. పళ్లు వచ్చాయా? ఇంకా రాలేదు. నడుస్తుందా? ఆసరాతో. అపరిచితులను చూసి భయపడుతుందా? జవాన్లను చూస్తే భయపడుతుంది. ఆ కుర్రవాడు తలెత్తి ఒకసారి లుంబాను చూశాడు, మళ్లీ తలదించుకుని రాసుకున్నాడు. ఉద్యోగంలో పైకొస్తాడు.

"మాట్లాడుతుందా?"

లేదని చెప్పబోయాను. తొమ్మిది నెలలుగా ఆయన నోట ఒక్క మాట మేమెవరం వినలేదు. మాటలు రాని శిశువు మీద ప్రత్యేక నివేదిక పంపాలనీ, పాపను రాజధాని ఆసుపత్రికి తరలిస్తారనీ అధికారి అన్నాడు. అక్కడికెళితే ఏమవుతుందో నాకు తెలుసు. అక్కడ బట్టలు విప్పి చూస్తారు.

అప్పుడే గేటు దగ్గర వేలిముద్ర వేసి మాణిక్యమ్మ గిన్నెతో లోపలికొచ్చింది. గుడారం నిండా కోట్లూ కాగితాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. లుంబా తలెత్తాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి. చాలాకాలం వాడని తలుపు తీసినప్పటి గొంతుతో, "అమ్మమ్మా," అన్నాడు.

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉంది. వచ్చి ఎదురుగా కూర్చుని, ఎప్పటిలాగే ముద్ద కలిపింది. ముద్ద కలుపుతుంటే కళ్లనీళ్లు గిన్నెలో పడ్డాయి. తుడుచుకోలేదు. ఆయన నోరు తెరిచాడు.

"మాట వచ్చింది, మంచిదే," అని అధికారి ఫారం నా వైపు తిప్పాడు. నేను రిజిస్టరు తెరిచి ధవళకీర్తి గడిలో, మొదటి మాట అన్నచోట, అమ్మమ్మ అని రాసి తేదీ వేశాను. గోడకవతల అసలు పిల్ల మొదట ఏ మాట నేర్చిందో రాయడానికి మా దగ్గర గడి లేదు.